మా తమ్ముడి శిష్యుడు

1991 జూన్ 12వ తేదీన మా కార్మిక బీమా సహాయ కార్యాలయంలో ఆయనా నేనూ ఒకే పూట ఉద్యోగంలో చేరాము. ప్రవేశ పరీక్షలో ఆయనకంటే నాకే ఎక్కువ మార్కులు వచ్చాయన్న సంగతి ఆయన పదవీ విరమణకు వేస్తున్న ఈ అభినందన సంచికలో నేను రాయకపోతే మరెవరూ రాయరు కనుక, ముందుగా దానిని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

తొలి పదేళ్లు నమోదు విభాగంలో గడిపిన పిమ్మట ఇద్దరమూ అప్పీళ్ల విభాగానికి వచ్చాము. జబ్బుచేసో దెబ్బతగిలో దీర్ఘకాలం పనిచేయలేని వారికి నెలనెలా రావలసిన బీమా పరిహారాన్ని కంపెనీ నిరాకరించినప్పుడు, వారి పక్షాన అప్పీలు రాయడం మా విధి. నేను నిబంధనలన్నీ ఆపోశన పట్టి రాసేవాడిని. ఆయన మాత్రం కాగితం ముట్టుకోకముందే, "ఏదీ, మీ పని నాకోసారి నేర్పండి" అంటూ వారి పనిచోటికే వెళ్లేవారు. బస్సు డ్రైవరు దగ్గర క్లచ్ తొక్కారు. తాపీమేస్త్రీ దగ్గర గోడ కట్టబోయి వంకర చేశారు. అలా 'శిష్యుడుగారు' అన్న పేరు స్థిరపడింది. ఎదురుగా నేను కూర్చునే ఉన్నా, "శిష్యుడుగారు లేరా? అయితే రేపొస్తాంలెండి" అని వెనుదిరిగేవారిని చూస్తే నాకు కడుపు మండేది.

ఆ మంట మా ఇంటిదాకా వచ్చింది. నా సొంత తమ్ముడు దర్జీ. మెడ నరాలు దెబ్బతిని వాడి వేళ్లు మొద్దుబారితే, అది కూర్చుని చేసే తేలికపాటి పనేనంటూ కంపెనీ పరిహారం నిరాకరించింది. పరమ గంభీరమైన భాషలో నేను రాసిన మొదటి అప్పీలూ వీగిపోయింది. అందులో ఒక్క లోపమూ లేదని ఇప్పటికీ అంటాను. ఇక మిగిలింది ఒక్క అప్పీలే. అదీ పోతే వాడి ఇల్లు గడిచే దారి లేదు. అప్పుడు వాడు నాతో మాటైనా అనకుండా శిష్యుడుగారి దగ్గరికి వెళ్లాడు!

శిష్యుడుగారు వాడి దుకాణంలో కూర్చుని కత్తిరింపు నేర్పమన్నారట. మెడ వంచి నాలుగు గీతలు గీసేసరికి తమ్ముడి చేతిలోంచి సుద్ద జారిపోయింది.

"మళ్లీ తీసుకోండి మాస్టారూ."

మళ్లీ జారింది.

"మెడ ఎత్తి పట్టుకుంటే?"

"ఎత్తితే బాగానే పట్టుంటుందండీ. కానీ గుడ్డ కనబడదుగా!"

ఆ ఒక్క ముక్కనే ఆయన పట్టుకున్నారు. అంతకుముందు పరీక్షలన్నీ మెడ నిటారుగా ఉంచి చేసినవే. మెడ వంచినప్పుడు చేతిపట్టు ఎంతుంటుందో చూడమని వైద్యుణ్ణి ఒప్పించారు. అప్పీలు గెలిచింది.

"నన్ను అడగొచ్చుగా!" అని నేను ఎగిరిపడితే, మా మరదలు శాంతంగా, "మీరు చాలా బాగా రాశారు బావగారూ. శిష్యుడుగారు మా ఆయన్ని అడిగారు, అంతే" అంది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆయన ప్రతి ఆదివారమూ పాఠానికి వస్తూనే ఉన్నారు. తమ్ముడు కుర్చీలో వెనక్కి వాలి నోటితో చెబుతాడు, ఈయన కత్తిరిస్తారు. వీడ్కోలు సభకు ఆయన వేసుకురాబోయే చొక్కా అలా కుట్టుకున్నదే. కాలరు వంకర; దయచేసి అందరూ గమనించగలరు. తోడబుట్టిన నాకు మాత్రం వాడు బొత్తాం కుట్టడమైనా నేర్పలేదు. నేర్పమని నేను అడగనూ లేదు.

శిష్యుడుగారు సూదిలో దారం ఎక్కించగల కంటిచూపుతో, వణకని చేతులతో, ఏ కంపెనీకీ అప్పీలు పెట్టుకోనవసరం లేని ఆరోగ్యంతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాను. వచ్చే ఆదివారం నేనూ పాఠానికి వస్తున్నాను. ఆయన కాస్త పక్కకు జరిగి, మా తమ్ముడి పక్కన చోటు నాకు ఇప్పించవలసిందిగా ప్రార్థన.