పక్కింటివాళ్ళు వాడిన మందు

నంగలి ఊళ్ళో గేదె దూడ చచ్చిన ఉదయం, పశువుల డాక్టరు దాని కడుపు కోసి చూశాడు. దూడ మెడనుంచి విప్పిన పలుపు చేతిలో పట్టుకుని, దాన్ని సాకిన ఆమె పక్కింటి గోడవైపే చూస్తోంది.

"ఆ పక్కింటాయమ్మే ఏమో పెట్టింది సార్. జున్నుపాలు ఇయ్యలేదని కోపం."

"ఇట్ల చూడమ్మా. పేగు నిండా ఏలికపాములు."

"గడ్డి కూడా ముట్టని పిల్ల. అవి యాడనుంచి వస్తాయి?"

"తల్లి పాలలోనే వచ్చినాయి."

"నా ఎనుము మీద నింద ఏస్తారా? ఆయమ్మ మీకేమిచ్చింది?"

"కాఫీ కూడా ఇయ్యలేదు తల్లీ. నీ రెండో ఎనుముకూ దూడ ఉండాది కదా, దానికి ఈ మందు ఈ పొద్దే తాపించు."

ఆమె డాక్టరు ఇచ్చిన సీసా మూత తీసి వాసన చూసింది.

"ఆయమ్మకూ ఇదే ఇచ్చినారా?"

"ఇచ్చినాను. వాళ్ళ దూడ గెంతులేస్తా ఉండాది."

"అదే సార్ నా అనుమానం. వాళ్ళది గెంతులేస్తా ఉంటే నాదే ఎందుకు చచ్చింది?"

సాయంత్రమైనా సీసా గూట్లోనే ఉంది. పక్కింటివాళ్ళు వాడిన మందని రెండో దూడకు ఇంకా తాగించలేదు.