మరమగ్గాల సింఫనీ

హలో… ఆఁ, రోద్యోన్‌నే. చెప్పండి.

గ్లేబ్! నువ్వట్రా? రిహార్సల్లో ఉంటావనుకున్నానే—

ఏంటీ… "కామ్రేడ్ వెత్లూగిన్" అంటావేంటి? కలిసి చదువుకున్న రోజుల నించీ రోద్యా అన్నవాడివి, ఇవాళ ఏమైంది…

ఓ. సరే.

చదివాను. లెనిన్‌గ్రాడంతా చదివింది ఆ పేపరు. నా సింఫనీ ప్రజల చెవుల్లో మేకులు కొడుతోందట.

…తప్పని రాసివ్వాలా? రాసిస్తా. ఇవానొవో మిల్లులో మగ్గాల చప్పుడు విని మతిపోయింది, దాన్ని బాకాలకీ ఇనప రేకులకీ ఎక్కించాను. ఇక ఎక్కించను. పల్లెపాటలు ఏరుకు రమ్మంటే వెళ్తా. చాలా?

…పేరా? ఎవరి పేరు? నాతో ఇంకెవరున్నారనా?

ఒక్క క్షణం. అగాఫ్యా పిన్నీ! తలుపు చాటున తర్వాత నిలబడుదురుగాని, ఉమ్మడి వంటింట్లో మీ పాలు పొంగుతున్నాయి!

…వెళ్లింది. గ్లేబ్, నీ పక్కన ఎవరో ఉన్నారు కదూ? ఉంటే దగ్గు.

…

దగ్గావు. సరే. ఇప్పుడు నేను అరుస్తా. రిసీవరు చెవికి కాస్త ఎడంగా పట్టుకో, వాళ్లకి వినపడాలి.

పేరు కావాలా నీకు? నాదే రాసుకో! ఆ మిల్లుకి నేనొక్కణ్ణే వెళ్లాను! మగ్గాల మధ్య నిలబడి నాకు తాళం వేసి చూపించింది నువ్వు కాదు! ఆఖరి భాగం నువ్వు రాయలేదు! ఆ సంగీతమంటేనే నీకు ఒళ్లుమంట. పైవాళ్లు వాయించమంటే వాయించావు, అంతే! అవునా, కాదా?

…

ఏడవకురా వెధవా. అవునను.

గట్టిగా!

…అదీ. ఇక చెవికి అదుముకో, మెల్లగా చెప్తా. మా గుమ్మం తొక్కకు. మా పిల్ల లీదా బజార్లో ఎదురుపడి బాబాయ్ అన్నా పలకరించకు. నేను చెప్తాలే దానికి, అర్థం చేసుకుంటుంది—

ఏంటి పిన్నీ? …కిటికీలోంచా? నల్ల కారా? మన వాకిట్లోనేనా?

…విన్నావుగా. నాకోసమే వచ్చారు. లీదా ఇంకా స్కూల్లోనే ఉంది. మంచిదే, చూడదు.

వద్దు! నువ్వేం చెప్పకు వాళ్లకి! నేను చెప్పింది చాలు. ఇద్దరం పోతే ఆ స్వరాలు గుర్తున్నవాడు ఒక్కడూ మిగలడు.

ఫోను నువ్వే ముందు పెట్టెయ్. నేను మాట్లాడుతుండగానే. నువ్వు నాతో తెగతెంపులు చేసుకున్నావని వాళ్లు కళ్లారా చూడాలి.

పెట్టవేంరా?

మెట్లెక్కుతున్నారు… పిన్నీ, తలుపు తియ్యండి, పర్లేదు… గ్లేబ్, ఒరేయ్, నీకు దణ్ణం పెడతా, పెట్టె—