పాటగత్తె బుగ్గలు

ఈమె బుగ్గలు తెల్లగా చెయ్యమని ఎవరు చెప్పారు మాబు బాబాయ్ మీకు?

నవ్వకండి. క్యాసెట్ అట్ట మీది బొమ్మ మీ చేతికిచ్చి, పెద్దది చేసి ఫ్రేము కట్టమన్నాను. అంతే కదా నేనన్నది? అట్ట మీద చూడండి, నేరేడు పండు. మీ ఫ్రేములో చూడండి, బియ్యప్పిండి. మొహం తెల్లగా రావడానికి నెగటివ్ మీద పెన్సిల్ తిప్పుతున్నంతసేపూ ఒక్కసారైనా అనుమానం రాలేదా, ఈ మనిషి నల్లగానే ఉంటే ఏం పోయిందని?

అలవాటా? మా క్రైస్తవపాలెం నుంచి ఎవరొచ్చినా అడక్కుండానే చేసిపెడతారా? ఆహా, ఎంత దయ. దీన్నే సాంస్కృతిక బానిసత్వం అంటారు బాబాయ్. మీరు దాన్ని ఒంగోలు నడిబొడ్డున గాజు షోకేసులో పెట్టారు. ఆ పెళ్లి ఫొటోల్లో తన రంగులో ఉన్న మనిషిని ఒక్కణ్ణి చూపించండి. మిరప చేలల్లో మాడిన మొహాలన్నీ మీ చీకటి గదిలోకెళ్లి దొరల మొహాలై బయటికొస్తున్నాయి.

అసలీమె ఎవరో తెలుసా? అమెరికాలో నల్లవాళ్ల చర్చిలో పాడుతూ పెరిగింది. ఒక పాటలో అద్దంతో మాట్లాడుతుంది. ముందు గొణుగుతుంది, తర్వాత నిలదీస్తుంది, చివరికి మాటలైపోయి ఉత్త గొంతే మిగులుతుంది. మా పెద్దమ్మ శవం దగ్గర మా అమ్మ తీసిన రాగంలా ఉంటుంది. కానీ ఏడుపు కాదది. నేనున్నాను, కళ్లు తెరిచి చూడు అని గద్దించడం. హాస్టల్లో పెడితే అరుపులన్నారు. కీర్తనలు తప్ప వినని చెవులు, వాళ్లకేం తెలుస్తుంది?

మా చెల్లెలు సంతోషకుమారికి తెలిసింది. ఇంగ్లీషు ముక్క రాదు దానికి. మిరపకాయల తొడిమలు తీస్తూ వింటోంది, చేతులు ఆగిపోయాయి. చర్చిలో పాటకు నిలబడితే దాన్ని వెనక వరసలోకి తోస్తారు. పాస్టరు గారమ్మాయి గొంతు లేకపోయినా ముందు నిలబడుతుంది, ఎర్రగా ఉంటుంది కాబట్టి. మతం మారిన మా వాళ్ల విప్లవం అంతవరకే వచ్చింది.

పాటకి అర్థం చెప్పాను. "ఆమె నా రంగే ఉంటుందా అన్నయ్యా?" అంది.

నీకంటే ఒక చాయ నలుపెక్కువేనన్నాను. క్యాసెట్ అట్ట అప్పటికి హాస్టల్లో ఉండిపోయింది, ఫొటో కట్టించి ఆదివారం లోపల గోడకి కొడతానన్నాను. మీరేమో ఇది చేతిలో పెట్టారు. ఇది చూసి అదేమనుకుంటుంది? అంత గొంతున్న మనిషి కూడా తెల్లబడితే తప్ప గోడెక్కలేదనుకుంటుంది.

ఏంటది? ఏం కవరది?

అది వేరు బాబాయ్. అవి నా ఫొటోలు, బ్యాంకు పరీక్ష అప్లికేషనుకి.

సరే, నేనే అడిగాను. మెల్లగా మాట్లాడండి, బయట జనం ఉన్నారు. పెన్సిల్ కాస్త ఎక్కువే తిప్పండి అన్నది కూడా నేనే. కాదని ఎవరన్నారు? అప్లికేషన్లు తీసేవాళ్ల సంగతి మీకేం తెలుసు? ముందు మొహం చూస్తారు. తర్వాత పేరు చూస్తారు. పేరు చూశాక ఇక చూడరు.

మొన్న మీరు ముందుగా ఇచ్చిన ఒక్క కాపీ ఇంటికి తీసుకెళ్తే సంతోషకుమారి దాన్ని దీపం దగ్గర పెట్టుకుని చూసింది. "బాగా వచ్చావన్నయ్యా," అంది. "నాక్కూడా ఇలా ఒకటి తీయించవా?"

నేనేం చేశానో తెలుసా? పాట సౌండు పెంచాను.

ఈమెది మళ్లీ కడగండి. పెన్సిల్ ముట్టుకోకుండా. శనివారానికల్లా కావాలి నాకు.

నావా? నావి కూడా మళ్లీ కడగాలా?

నావి... ఉన్నవి ఉన్నట్టే ఇటివ్వండి. అప్లికేషనుకి పదిహేనో తారీఖు ఆఖరు.