మర్యాదకి పిలిచిన పిలుపు

కరోనా టీకా వేసిన నర్సు ఆ ముసలి దంపతులను కాసేపు కదలొద్దని బల్ల మీద కూర్చోబెట్టింది. భార్య భుజం మీద దూది నొక్కిపట్టుకుని గోడ వైపు చూస్తోంది.

“చెయ్యి లాగేస్తోందే,” అన్నాడు భర్త.

“లాగనివ్వండి. ఈ సూదేదో అప్పుడే వచ్చుంటే, మా అక్క కూడా పక్కన కూర్చుని మూలిగేది.”

“మళ్ళీ మొదలెట్టావా? అంత జబ్బు చేసి ఇద్దరం బతికి బట్టకట్టాం. అది చాలదూ?”

“మనం బతికాం. మనకి వండిపెట్టిన మనిషి పోయింది.”

“అందుకు నేనేం చేశానే?”

“రోజూ క్యారేజీ గుమ్మం బయట పెట్టి, తలుపు తట్టి వెళ్ళిపోయేది. మీరే కదూ, ‘పరాయివాళ్ళలా ఏంటి వదినా, లోపలికొచ్చి కూర్చోండి’ అన్నారు?”

“ఏదో మర్యాదకి అన్నాను.”

“అక్కా మర్యాదకే వచ్చింది. మీరు దగ్గుతూ కబుర్లు చెబుతుంటే, మధ్యలో లేస్తే బాగోదని కూర్చుండిపోయింది.”

 ఇంతలో ఆసుపత్రి వాకిట్లో పక్కింటి టైలరు కనబడ్డాడు. లోపలి జనాన్ని చూసి తటపటాయిస్తున్నాడు. ముసలాయన ముఖం విప్పారింది.

“పరాయివాళ్ళలా అక్కడే నిలబడ్డారేంటండీ? లోపలికొచ్చి కూర్చోండి!”

“అక్కడే ఉండండి అన్నయ్యగారూ,” అంది భార్య. “మా అక్క ఈయన మాట కాదనలేకే లోపలికొచ్చింది.”