గోడ అవతల మంచం

బిలాస్‌పూర్ లాల్‌ఖదాన్‌లో నా టీ కొట్టు దగ్గర కూర్చుంటే అమ్మన్న ఇంటి మోటారు చప్పుడు వినిపిస్తుంది. ఆ వేళ పొద్దుటి నుంచీ అది ఆగలేదు. పెరట్లో సిమెంటు బ్లాకులతో ఛాతీ ఎత్తు గోడలు లేపి, లోపల నీళ్లు ఇంకకుండా నీలం ప్లాస్టిక్ తిర్పాల్ పరిచి, తామరపూల చెరువు కట్టాడు కదా, దానికి మొదటిసారి నీళ్లు పెడుతున్నాడు. ఆ గోడకి అవతల అప్పలనర్సమ్మ వసారా. ఒంటరి మనిషి, మా అందరికీ అక్క వరస, అప్పా అని పిలుస్తాం. మంచం ఆ గోడవారనే వేసుకుంటుంది. ఆవిడ అప్పటికే ఒళ్లో మూట పెట్టుకుని నా బల్ల మీద కూర్చుని ఉంది. టీ ఇస్తే వద్దంది. ఏమైందని అడిగితే, "అమ్మన్నని రానీ పోలయ్యా" అంది. ఆ మూట చూస్తే నాకు మనసేం బాగాలేదు.

అమ్మన్న వచ్చాడు. ముప్పై ఆరేళ్లు రైలుపట్టాలు బిగించి రిటైరైన మనిషి. వస్తూనే, బల్ల చివర టీ తాగుతున్న గోవిందరావుతో మొదలెట్టాడు.

"గోవిందరావు బావా, ఆ మంగ్లా మేస్త్రి ఏటన్నాడో తెలుసా? ఈ పనికి ఇరవై రోజులు పడతాదన్నాడు. నేనొక్కణ్ణీ ఆరు రోజుల్లో లేపీసేను. చేతికి నాలుగేసి బ్లాకులు, పళ్లతో ఇంకోటి. ఒక్క ట్రిప్పుకి తొమ్మిదన్నమాట."

"నీవి కట్టుడు పళ్లు కదేటి?" అన్నాడు గోవిందరావు. రిటైరైన గార్డు ఆయన, ప్రతిదీ రెండుసార్లు అడిగే అలవాటు.

"కట్టుడు పళ్లే. అందుకే ఊడి బ్లాకుకి ఉండిపోయేయి. ఆ బ్లాకు ఇప్పటికీ పక్క బ్లాకుని కరిచి పట్టుకునుంది. ఇంక సిమెంటు దేనికి?"

"సరే, నీళ్ల తోపుడికి ఆగేలా లోపల నిలువు ఇనప చువ్వలు వేసేవా?"

"ఉండు, చెప్తాను. కిటుకు చువ్వల్లో లేదు. మన బిలాస్‌పూర్ ఎండకి ఇనప పట్టాయే సాగిపోతాది, అందుకే పట్టాకీ పట్టాకీ మధ్య సందు వొగ్గుతాం. మరి బ్లాకు సాగదేటి? బ్లాకుకీ బ్లాకుకీ మధ్య వేలెడు సందు వొగ్గీసేను. బ్లాకు బొక్కల్లో అందరూ కాంక్రీటు పోస్తారు, నేను కంకర పోసి కూరీసేను, పట్టాల కింద కూరినట్టే. మేస్త్రి చూసి నా కాళ్ల మీద పడిపోయేడు. 'బాబాయ్, ఇది గోడ కాదు, మెయిన్ లైను' అన్నాడు."

గోవిందరావు గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "అచ్ఛా. చువ్వలు వెయ్యలేదన్నమాట."

"ఆ తర్వాత ఏటయిందో తెలుసా? మొన్న శుక్రవారం బొగ్గు లారీ రివర్సొచ్చి నా గోడని గుద్దీసింది. లారీ నాలుగడుగులు పొట్టిదైపోయింది. గోడకి పెచ్చు కూడా రాల్లేదు. డ్రైవరు దిగి దండం పెట్టి, ఒక బ్లాకు ఇప్పించండి, బండి ముందర నిమ్మకాయలకి బదులు కట్టుకుంటానన్నాడు."

శుక్రవారమంతా నేను కొట్లోనే ఉన్నాను, ఏ లారీ రాలేదు. ఆ మాట అందామనుకుని అప్పలనర్సమ్మ ముఖం చూసి ఆగిపోయాను. ఆవిడ కథ వినడం లేదు, మోటారు చప్పుడు వింటోంది.

"నిన్న సాయంత్రం మరీను. చకర్‌భాటాలో దిగాల్సిన విమానం మా ఇంటి మీదకొచ్చీసింది. పైలట్ నా నీలం తిర్పాల్ చూసి సముద్రం అనుకున్నాడు. విశాఖపట్నం వచ్చీసింది కాబోలని కిందికి దించీస్తున్నాడు. మా జామచెట్టు కొసలు ఊగిపోతన్నాయి. నేనేటి చేసేను? డ్యూటీ నాటి ఎర్రజెండా తీసి ఊపేను. ఆగిపోయింది."

"ఎక్కడ?"

"గాల్లోనే, ఉన్నచోట. పైలట్ కిటికీ తీసి, సార్, సిగ్నల్ ఎప్పుడిస్తారని అడిగేడు. పచ్చజెండా ఎక్కడ పెట్టేనో నాకు గుర్తు రాలేదు. పావుగంట నిలబడిపోయింది పాపం. ఆ గాలికి పేటలో రేకులన్నీ లేచిపోయేయి. నా గోడ? అంగుళం కదల్లేదు. దాని వెనక నిజం సముద్రమే తెచ్చి పెట్టు, నిలబడతాది."

అప్పలనర్సమ్మ లేచి నిలబడింది.

"అమ్మన్నా, పొద్దున్న నా మంచానికీ నీ గోడకీ మధ్య జానెడు ఖాళీ ఉంది. ఇప్పుడు గోడ మంచాన్ని తాకుతోంది. నేను మంచం జరపలేదు."

"అప్పా, అది..."

"రెండుసార్లు కేకేసేను. మోటారు చప్పుడుకి నీకు వినపడలేదు. దేవుడి పటం, నాలుగు చీరలు మూట కట్టి తెచ్చుకున్నాను. ఇల్లు మొయ్యలేను కదా."

"కంకర సర్దుకుంటంది, అంతే..."

"నువ్వు చెప్పింది అబద్ధమని నేనన్లేదు. లారీని ఆపింది, గాలికి కదల్లేదు, సరే. మంచం అక్కడే ఉంది, దుప్పటి కూడా మార్చేను. మోటారు అలగే తిరగనీ. నువ్వెళ్లి దాని మీద ఒక్క గంట పడుకుని రా. లేచొస్తే, రేత్రి నుంచి నేను ఎప్పట్లాగే పడుకుంటాను."

అమ్మన్న బల్ల మీంచి లేచాడు. గోవిందరావు వైపు చూశాడు, నా వైపు చూశాడు. మేం ఇద్దరం ఆయన వైపే చూస్తున్నాం.

"చువ్వలు వెయ్యలేదప్పా," అన్నాడు, మాకు వినపడీ వినపడనట్టు. చెప్పులు బల్ల కిందే వదిలేసి ఇంటికి పరుగు తీశాడు. గోవిందరావు నా రెండు బకెట్లూ అందుకుని వెనకాలే వెళ్లాడు.

మోటారు ఆగేదాకా నాకు భయంగానే ఉంది. ఆగింది. గోడ పడిన చప్పుడు రాలేదు. కాసేపటికి తోడిపోసిన నీళ్లు సందులోని కాలవలో పారడం మొదలైంది. అప్పలనర్సమ్మ మళ్లీ కూర్చుని, మూట ఒళ్లోంచి తీసి పక్కన పెట్టింది.

"ఇప్పుడియ్యి పోలయ్యా, టీ," అంది.