పడవలు మీవే, నీళ్ళు నావి

మధ్యాహ్నం రెండు కావస్తోంది. ముందు గదిలో కంప్యూటరు ముందు భర్త, గుమ్మంలో తడి చేతులతో భార్య.

“నువ్వే ముట్టుకున్నావు.”

“దేన్నండీ?”

“దీన్ని. తోటని.”

“నేను ముట్టుకున్న తోట ఒకటే. బాల్కనీలో నాలుగు కుండీలు. పొద్దున నీళ్ళు పోశాను.”

“హాస్యాలొద్దు. మూడింటికి ఆఫీసువాళ్ళతో వీడియో కాల్ ఉంది. మేం తయారుచేసే కంప్యూటరు ఆటలో ఈ తోట లెవెల్‌ని రెండుసార్లు తిప్పి పంపారు. రంగులున్నాయి, కళ లేదు అని. మూడోసారి పంపింది చూసి ఆఫీసంతా లేచి నిలబడింది. ఎవరో నిజంగా నీళ్ళు పోసి పెంచినట్టుంది అన్నారు.”

“మరి మంచిదేగా.”

“మంచిదే! మంచిది కాబట్టే వచ్చింది చావు. పాత ఫైలు తెరిచి, మొదటి నుంచి, పదిమంది చూస్తుండగా మళ్ళీ చేసి చూపించాలట.”

“చూపించండి.”

“ఏం చూపించను? నేను చేస్తేగా!”

“అయ్యో, మీరు చెయ్యలేదా?”

“ఆ అమాయకత్వం ఆపు. గుమ్మడికాయల దొంగ అంటే...”

“నేను భుజాలు తడుముకోలేదు. చేతులు తుడుచుకుంటున్నాను. గిన్నెలు కడుగుతుంటే పిలిచారు.”

“ఫైలు ఎప్పుడు మారిందో అందులోనే పడుతుంది. పోయిన మంగళవారం, పదకొండు నుంచి పన్నెండున్నర. నేను ఆఫీసులో ఉన్నాను. పాప స్కూల్లో ఉంది. ఇంట్లో ఉన్నది నువ్వు, బల్లి.”

“బల్లే చేసుంటుంది. గోడల సంగతి దానికి బాగా తెలుసు.”

“నీకు దణ్ణం పెడతా. గంటే ఉంది. ఇవాళ చూపించలేకపోతే ఈ ఆటలో అలంకరణ పని నా చేతిలోంచి పోతుంది.”

“ఎవరన్నారు?”

“ఎవరూ అననక్కర్లేదు. తెలుస్తుంది.”

“మీ ఆఫీసు మేడమ్ ఏమన్నారు, సరిగ్గా?”

“చేసినవాళ్ళని చేసి చూపించమన్నారు.”

“చేసినవాళ్ళనా?”

“చేసినవాళ్ళంటే... నన్నే. ఫైలు నాది, దాని మీద పేరు నాది. ఏమిటా చూపు? రా, ఇదిగో స్టూలు. కూర్చో.”

“కుర్చీ మీకా?”

“మౌస్ నేను పట్టుకోవాలిగా! నువ్వు చెప్పు, నేను చేస్తాను. ఇదిగో పాత తోట. ఊఁ, ముందు ఏం చేశావు?”

“ముందు నవ్వాను.”

“ఏమిటి?”

“నాలుగొందల పన్నెండు పూలు. నేను లెక్కపెట్టలేదు, కింద అంకె కనబడుతోంది. అన్నీ ఒకే ఎత్తు, ఒకే రంగు, అన్నీ ఒకే వైపు మొహం పెట్టి. స్కూల్లో గ్రూప్ ఫోటోకి నిలబెట్టినట్టు.”

“ఒకటి చేసి మిగతావి అతికించాను. ఎవరైనా అంతే చేస్తారు.”

“అతికించండి, ఎవరొద్దన్నారు? అతికించాక కాస్త అటూ ఇటూ తిప్పడానికేం? నేను చదివింది చెట్ల శాస్త్రం, మర్చిపోయారేమో. ఏ తీగా పూలన్నీ ఒకేరోజు విప్పదు. ఒకటి మొగ్గలో ఉండాలి, ఒకటి వంగాలి, ఒకటి వాడాలి. వాడింది పక్కనుంటేనే విచ్చినది విచ్చినట్టుండేది.”

“కళ లేదన్నారని రంగు జోరు పెంచాను. అయినా లేదన్నారు, ఇంకా పెంచాను. ఈ గీత చివరిదాకా లాగేశాను. ఇంకెక్కడికి లాగను, పక్కింట్లోకా?”

“అక్కడే వచ్చింది చిక్కు. అందరూ పల్లకీ ఎక్కితే మోసేవాళ్ళెవరు?”

“సామెతలు కాదు. ఏ బటన్?”

“బటన్ కాదండీ. ఆ గోడ చూడండి. ఏ రంగు?”

“పసుపు. ఎండ పడిన గోడ.”

“ఎండ పసుపు, గోడ పసుపు, గోడ మీద తీగకి పూసినవీ పసుపే. ఇంకేం కనబడతాయి? గోడని చంపండి.”

“చంపడమేమిటి!”

“పాచి పట్టిన బూడిదరంగు చెయ్యండి. లాగండి ఆ గీతని కిందికి. ఇంకా. ఇంకా లాగండి, భయపడకండి, గోడేం ఏడవదు.”

“మురికిగా ఉంది.”

“ఉండనివ్వండి. ఇప్పుడు పూలవైపు చూడండి.”

“చూశాను... అరే.”

“పూలని ముట్టుకున్నారా?”

“లేదే. ముట్టుకోకుండానే లేచి కూర్చున్నాయి.”

“అదీ సంగతి.”

“ఆగు, రాసుకుంటాను. గోడ, బూడిద. ఎంత? అంకె చెప్పు.”

“అంకె నాకేం తెలుసు? కంటికి హాయిగా ఉండేదాకా.”

“కంటికి హాయిగా ఉండేదాకా అని పదిమంది ముందు చెప్పనా!”

“ముందు ఆ పెన్ను టకటకలాడించడం ఆపండి. కుర్చీ కూడా తిప్పకండి, నాకు కళ్ళు తిరుగుతున్నాయి. తర్వాత వెనక చెట్లు. దూరం పోయేకొద్దీ పాలిపోవాలి. కాస్త నీలం కలవాలి.”

“చెట్లకి నీలమా?”

“కిటికీలోంచి చూడండి. వీధి చివర మేడ ఏ రంగు?”

“నీలం కలిసిన బూడిదరంగు.”

“అసలుది ముదురు ఆకుపచ్చ, దూరానికి అలా పాలిపోయింది. దగ్గరికెళ్ళి చూడండి. ఆరేళ్ళుగా ఇదే ఇంట్లో ఉంటున్నాం.”

“నేను కిటికీలోంచి ఎప్పుడు చూశాను? నా మొహం ఎప్పుడూ దీంట్లోనేగా.”

“అదే చెప్తున్నా.”

“దీపాలు?”

“తొంభై పెట్టారు. పట్టపగలు తొంభై దీపాలు!”

“మెరుపు కావాలన్నారు మరి.”

“మూడు ఉంచి మిగతావి ఆర్పేశాను. పక్కవి ఆర్పితేనే వెలిగింది వెలిగినట్టు తెలిసేది. ఆ మూడూ గేటు దారిలో పెట్టాను. ఆడేవాళ్ళు ఎటు పోవాలో తెలియక గోడకి గుద్దుకుంటుంటే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాల్సింది దీపమే కదా. ఇక కుండీల కింద నీడలు. మీ కుండీలన్నీ నేలకి జానెడు ఎత్తున తేలుతున్నాయి.”

“ఆగు, ఆగు, ఆగు. తొందరగా చెప్పకు.”

“గంటే ఉందన్నది మీరు.”

“ఇదంతా నీకెవరు నేర్పారు?”

“మీరే.”

“నేనా?”

“కాఫీ తెచ్చి వెనక నిలబడితే కప్పు అందుకోరు కదా. ఒక్క నిమిషం, ఇది చూడు, ఇలా లాగితే బాగుందా, అలా లాగితే బాగుందా... బాగుంది అనేదాకా వదలరు. ఆరేళ్ళు నిలబడి చూస్తే స్టూలుకి కూడా వస్తుంది ఈ విద్య.”

“బాగుందనేదానివేగా మరి!”

“కాఫీ చల్లారిపోతోందని అనేదాన్ని.”

“ఒక్కటి నిజం చెప్పు. తోట ఒక్కటేనా?”

“పొయ్యి మీద పాలు పెట్టానేమో చూసొస్తా.”

“పాలు లేవు, ఏమీ లేవు. కూర్చో. వంతెన లెవెల్?”

“వంతెన మీదే.”

“నిజంగా?”

“నిజంగా. వంతెన మీది. పడవలు మీవే. నీళ్ళు నావి.”

“నీళ్ళా! వాళ్ళు మెచ్చుకుందే నీళ్ళని! గోడ మీద ఆఫీసువాళ్ళు నాకిచ్చిన ఆ బహుమతి ఫ్రేము... దాని మీద రాసిందే ‘నీటిపై వెలుగుకు’ అని...”

“తెలుసు. రోజూ దుమ్ము తుడిచేది నేనేగా. తుడిచినప్పుడల్లా చదువుతుంటాను.”

“ఎందుకు చెప్పలేదు?”

“మీరు అడగలేదు. ఆ పొద్దున ఫైలు తెరిచి ‘నిన్న బాగానే చేశానే’ అని మీలో మీరే మురిసిపోయారు. మురిసిపోయే మొహం మీద నీళ్ళు చల్లబుద్ధి కాలేదు.”

“నేను... నిజంగానే నేను చేశాననుకున్నా.”

“అనుకున్నారు. నాకూ సరదాగానే ఉండేది. ఇద్దరికి తెలిసిన గుట్టు కంటే ఒక్కరికే తెలిసిన గుట్టు రుచి.”

“ఒక మాట. మాటవరసకే అడుగుతున్నా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇలా ఒకచోట కూర్చోవడం, ఎవరెవరో వంకలు పెడితే పడటం, గడువులూ గొడవలూ... ఇదంతా నీవల్ల కాదు కదా?”

“నన్నెవరు కూర్చోమన్నారు?”

“ఎవరూ అనలేదు. మాటవరసకి అన్నానుగా. ఇల్లు, పాప, నీకున్న పనే నీకు తెమలదు. ఇష్టం కూడా ఉండదు కదా అని.”

“నా ఇష్టం ఇప్పుడెందుకొచ్చింది? మీకు చెమటలు పడుతున్నాయి.”

“గది ఉక్కగా ఉంది.”

“ఫ్యానే వేసుకోలేదు మీరు.”

“టైమెంత?”

“రెండూ ఇరవై అయిదు.”

“నువ్వు పాపని తీసుకురావడానికి బయల్దేరు.”

“వదిలేది నాలుగింటికి.”

“ముందే వెళ్ళి నిలబడు. ఎండ కూడా తగ్గింది.”

“గంటన్నర నిలబడనా? బడికి కాపలాదారుగా నన్నేమైనా పెట్టారా?”

“పోనీ వెనక గదిలో ఉండు. కాల్లో నువ్వు కనబడితే బాగుండదు.”

“ఏం, నా మొహానికేమైంది?”

“మొహానికేం కాలేదు. ఇంటి వాతావరణం అంటారు. ఇది ఆఫీసు పని. ఇంతకంటే అడక్కు.”

“అడగను. మీరే పదిసార్లు లేచి కూర్చుంటున్నారు.”

“సరే, నేనొక్కణ్ణే ఒకసారి చేసి చూస్తా. నువ్వు మాట్లాడకు.”

“ఊఁ.”

“ఊఁ కూడా అనకు. గోడ, బూడిద. అయింది. చెట్లు, నీలం. అయింది. పూలు తిప్పాను. కొన్ని వాడిపోయాయి. దీపాలు ఆర్పాను. నీడలు పెట్టాను. చూడు, ఎలా ఉంది?”

“మాట్లాడొచ్చా?”

“చెప్పవే బాబూ!”

“శ్మశానంలా ఉంది.”

“నువ్వు చెప్పిందే చేశాను! వరసగా, రాసుకున్నది రాసుకున్నట్టు!”

“అన్నిటినీ చంపేశారండీ. ఒక్కదాన్నయినా బతకనివ్వాలిగా. ఏది బతకాలో ముందు అనుకున్నారా?”

“అది నువ్వు చెప్పలేదు!”

“అది చెప్తే వచ్చేది కాదు. చూస్తే తెలుస్తుంది. చాలాసేపు చూడాలి. ఆ రోజు గంటన్నరలో గంట నేను చేతులు కట్టుకుని కూర్చున్నానంతే.”

“గంటసేపు చేతులు కట్టుకుని కూర్చుంటే కాల్లో ఉన్నవాళ్ళు నేను నిద్రపోయాననుకుంటారు.”

“అసలు జరిగింది చెప్పెయ్యకూడదా? మా ఆవిడ చేసిందని. కొంపలేం మునిగిపోవు.”

“నీకు తెలియదు. ఊరుకో.”

“ఏం తెలియదు?”

“ఏదీ తెలియదు. టైమెంత?”

“రెండూ నలభై అయిదు.”

“మొహం కడుక్కుని చొక్కా మార్చుకొస్తా. కాల్ తెరిచి ఉంచుతున్నా, స్క్రీన్ కూడా వాళ్ళకి కనబడేట్టు పెట్టేశా. తర్వాత తడబడే పని లేకుండా. మైకు కూడా వేశాను. మూడింటిదాకా ఎవరూ రారులే. నువ్వు ఫైలు ముట్టుకోకు.”

“ముట్టుకోను.”

“ముట్టుకోకు అంటే... ఆ గేటు దగ్గర కొంచెం సరిచెయ్యి. కొంచెమే. చేసేసి లేచిపో. నా నీలం చొక్కా ఏది?”

“వెనక గోడ నీలం, మళ్ళీ చొక్కా నీలమా? తెల్లది వేసుకోండి. మనిషి కనబడతారు.”

“నేను కనబడకపోతేనే మంచిదేమో ఇవాళ.”

“వెళ్ళండి, వెళ్ళండి... తోటమ్మా, ఎలా చేసి పెట్టారో చూడు నిన్ను. గేటుకి ఒక్క ఎర్రతీగ చాలు. ఇటు రా తల్లీ. కొంచెం వంగు. ఇంకొంచెం. ఒక్క దీపం నీ మీద. ఆఁ, అదీ... ఇప్పుడు బతికావు.”

“ఎంత బాగా వంచారండీ!”

“అమ్మో! ఎవరు?”

“భయపడకండి, మౌస్ మీంచి చెయ్యి తియ్యకండి. మీ ఆయన ఆఫీసులో మేడమ్ అంటారే, అది నేనే. కాల్లోకి పది నిమిషాలు ముందే వచ్చాను. ఇంకా ఎవరూ రాలేదు.”

“ఆయన చొక్కా మార్చుకుంటున్నారండీ. పిలుస్తానుండండి.”

“పిలవకండి. మీతోనే పని. పోయిన మంగళవారం ఆ గంటన్నరా మీ ఆయన నా ఎదురుగా మీటింగులో కూర్చున్నారు. తోట మాత్రం మీ ఇంటి కంప్యూటర్లో మారుతూనే ఉన్నట్టు ఫైల్లో పడింది. ఎవరండీ అని ఆ సాయంత్రమే అడిగాను. మా ఆవిడై ఉంటుందన్నారు.”

“ఆ సాయంత్రమే చెప్పేశారా? మీకు తెలుసా?”

“ఆటలో అలంకరణ పని ఆవిడకే ఇస్తాం, ఒక్కమాట అడిగి రండి అన్నాను. మర్నాడు వచ్చి మీరు ఒప్పుకోలేదన్నారు. ఇల్లు, పాప, తీరిక లేదు, అసలు ఇష్టమే లేదు అన్నారట. చేసినవాళ్ళే చేసి చూపించాలంటే, మీ దగ్గర తనే నేర్చుకుని చూపిస్తానన్నారు. సరేనన్నాను కానీ నాకు మనసొప్పలేదు. ఇంత చెయ్యి ఉన్నవాళ్ళు ఎందుకు వద్దన్నారో మీ నోటే విందామని ముందే వచ్చాను.”

“ఏయ్, ఈ తెల్లచొక్కాకి బొత్తాం ఊడింది, ఎవరితో మాట్లాడు... కాల్ వచ్చేసిందా! లే, లే అక్కణ్ణించి. మేడమ్, ఒక్క నిమిషం, తను ఊరికే తుడుస్తూ...”

“మీరా స్టూలు మీద కూర్చోండి... మేడమ్, నేను వద్దనలేదండీ. నన్ను అడిగిన మొదటి మనిషి మీరే. అడగండి.”