జీడాకు వగరు

షీబా జీడాకు కషాయంతో తయారుచేస్తున్న ఇనుప నానోరేణువులకు వరసగా మూడోసారీ కార్బన్ పూత పట్టలేదు. అన్నీ తుప్పెక్కాయి. విజయనగరంలోని కాలేజీ ల్యాబుకి అప్పుడే తమ జీడితోట నుంచి ఆకుల సంచితో తండ్రి వచ్చాడు.

“మళ్లీ పాడయిందేటమ్మా?”

“పాడయింది నాన్నా. మొట్టమొదట బాగానే వచ్చింది. ఇప్పుడేటయిందో తెలీట్లేదు. నెలాఖరుకి థీసిస్ ఇచ్చీయాల.”

“ఆకులో మట్టి నేదు మరి. పూటంతా నీళ్లల్లో నానేసి కడుగుతన్నాను.”

“మొదటిసారి కూడానా?”

“అప్పుడు దులిపి తెచ్చీసినాను.”

“నానేసిన నీళ్లు ఏటి సేసినావు?”

“ఎర్రగా వగరు దిగింది. పారబోసినాను.”

“ఆ వగరే నాన్నా, పూత పట్టించేది! నిన్ను కడగమన్నదెవరు?”

“నువ్వేనమ్మా. మట్టాకులు తెచ్చినానని అందరి ముందూ ఇసుక్కున్నావు.”

షీబా తలదించుకుని సంచి అందుకుంది. “రేపు తోటకి నానే వస్తాను నాన్నా.”